వరద నడుస్తుండగా వేసే అంచనా

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి దిగువకు వెళ్లిన కృష్ణా వరద 11.43 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు). 2009 అక్టోబరులో వచ్చిన సుమారు 11.10 లక్షల క్యూసెక్కుల రికార్డు దాంతో చెరిగిపోయింది. టీవీ తెర మీద ఆ అంకె గంటగంటకూ మారుతుంటే రాష్ట్రమంతా రెప్ప వేయకుండా చూసింది. ఆ సమయంలో ఆ అంకెతో ఎవరు ఏం చేయగలరో లెక్క వేస్తే మాత్రం ఆశ్చర్యం కలుగుతుంది. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఆ ప్రకారం 11.43 లక్షల క్యూసెక్కులంటే రోజుకు దాదాపు 99 టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీలో నిలిచే నీరు మూడు టీఎంసీల పైచిలుకు. బ్యారేజీ పూర్తిగా ఖాళీగా ఉన్నా ముప్పావు గంటలో నిండిపోతుంది. ఎగువనున్న పులిచింతల సామర్థ్యం 45.77 టీఎంసీలు. అది అడుగంటి ఉన్నా పదకొండు గంటలకు మించి ఆ ప్రవాహాన్ని పట్టి ఉంచలేదు. కాబట్టి 70 గేట్లూ ఎత్తి నీళ్లను సముద్రం దారి పట్టించడం తప్ప బ్యారేజీ దగ్గర తీసుకోవలసిన నిర్ణయమే లేదు.

ఆ అంకె అక్కరకు వచ్చేది దిగువన. కొల్లిపర, కొల్లూరు మండలాల లంకల్లో ఏ ఊరికి ఏ వేళకు నీళ్లు చేరతాయి, పడవలు ఎక్కడుండాలి, రాణిగారితోట, కృష్ణలంక వైపు రిటైనింగ్ గోడకు ఇంకా ఎంత ఎత్తు మిగిలి ఉంది అనేవి ఆ అంకెను బట్టి తేలే విషయాలు. విపత్తు సాగుతుండగా సమాచారానికి విలువ కట్టవలసిన తీరు ఇదే. అంకె ఎంత పెద్దదైనా, అది తెలిసినందువల్ల రాబోయే కొన్ని గంటల్లో చేసే పని మారకపోతే అది వార్తగా మిగులుతుంది.

మన దగ్గర వరద తర్వాత అంచనా అనగానే గుర్తొచ్చేది ఎకరాలు, ఇళ్లు, కోట్ల రూపాయల లెక్క. నీళ్లు తగ్గాక ఇంటింటికీ తిరిగి, ఫొటో తీసి, ఆధార్ నంబరు రాసుకుని చేసే పని అది. పరిహారానికి అది తప్పనిసరి. నీళ్లు పెరుగుతుండగా వేసే అంచనాకు దానితో పోలికే లేదు. ఒకదానికి కచ్చితత్వం ప్రాణం, రెండోదానికి వేళ ప్రాణం. సాయంత్రం ఆరింటికి పనికొచ్చే సగం నిజం, మరునాడు మధ్యాహ్నం అందే పూర్తి నిజం కంటే మేలు. ఈ తేడా పట్టని యంత్రాంగం నడి వరదలో నివేదికలు అడుగుతుంది, నివేదికలు రాసే సిబ్బంది నీళ్లలోకి దిగడం మానేస్తారు.

కొలత ఉన్నచోటికే చూపు

2024 సెప్టెంబరు మొదటి రెండు రోజుల్లో బెజవాడను ముంచెత్తడానికి వచ్చినవి రెండు వరదలు. వాటి స్వభావాలు వేరు. కృష్ణా వరద దూరం నుంచి కనబడుతూ వచ్చేది. శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ వరుసగా ఉన్నాయి. ఒక్కో మెట్టు దగ్గరా ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో రాసుకునే మనుషులున్నారు. పైన వదిలిన నీరు కింద ఎప్పటికి చేరుతుందో అనుభవం మీద చెప్పగలరు. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. ఆ హెచ్చరికల గొప్పతనం వాటి వెనక ముందే రాసిపెట్టుకున్న పనుల్లో ఉంది. ఫలానా అంకె దాటితే ఫలానా లంకకు కబురు వెళ్లాలి, ఫలానా రేవులో బల్లకట్టు ఆగాలి. అంకె రాగానే చర్చ అక్కర్లేకుండా పని మొదలవుతుంది.

ఆ వరుసలోనూ ఒక సందు ఉంది. పులిచింతలకూ బ్యారేజీకీ మధ్య మున్నేరు, వైరా, కట్టలేరు లాంటి ఏరుల నీళ్లు కృష్ణలోకి చేరతాయి. వాటి మీద పెద్ద జలాశయాల అదుపు లేదు. ఖమ్మం వైపు ఒక రాత్రి కుండపోత కురిస్తే తెల్లారేసరికి మున్నేరు హైదరాబాద్ రోడ్డును ఐతవరం దగ్గర ముంచుతుంది. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ జరిగింది అదే. పులిచింతల ఔట్‌ఫ్లో ఒక్కటే చూసి బ్యారేజీ దగ్గర ఇంత వస్తుందని చెప్పేవారు ఈ ఏరులను మరిచిపోతే లెక్క తప్పుతుంది.

రెండో వరద బుడమేరుది. మైలవరం వైపు కొండల నుంచి, ఎగువ వాగుల నుంచి నీరు తెచ్చుకుని కొల్లేటిలో కలిసే ఈ ఏటిని బెజవాడ దుఃఖదాయిని అని ఊరికే అనలేదు. 2005లోనూ నగరాన్ని ముంచింది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వచ్చే నీటిని మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉంది. మామూలు వానలకు అది చాలు. చిక్కంతా కృష్ణ కూడా నిండుగా ఉన్నప్పుడు వస్తుంది. మళ్లింపు కాలువ కలిసే చోటు బ్యారేజీకి ఎగువన ఉంది. నదిలో మట్టం పెరిగితే కాలువ నీరు లోపలికి పోలేక వెనక్కి ఎగదన్నుతుంది, కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. 2024లో మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక వైపు నీళ్లు మళ్లాయి. సెప్టెంబరు 1 ఆదివారం. ఆ ప్రాంతాల్లో చాలామందికి వరద కబురు గుమ్మంలోకి వచ్చిన నీళ్ల ద్వారానే తెలిసింది.

ఇక్కడొక విషయం గమనించాలి. కృష్ణ అంకె గంటగంటకూ వస్తుంటుంది కాబట్టి అధికారుల చూపు, విలేకరుల చూపు, జనం చూపు దాని మీదే ఉంటాయి. బుడమేరు గురించి అలా నోటికి వచ్చే అంకె లేదు. ఎన్ని క్యూసెక్కులైతే సింగ్‌నగర్‌లో మొదటి హెచ్చరిక అని అడిగితే నగరంలో చెప్పగలిగేవారు అరుదు. దానికి తోడు ఆగస్టు 31 శనివారం మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. మొదట కంటబడిన ప్రమాదం మనుషులను, వాహనాలను, మాటలను తన దగ్గరికి లాక్కుంటుంది. నెమ్మదిగా, చప్పుడు లేకుండా మరోవైపు పెరుగుతున్నది అప్పుడు లెక్కలోకి రాదు. ఇది ఒక ఊరికో, ఒక అధికారికో పరిమితమైన లోపం కాదు. భోపాల్ నుంచి చెన్నై దాకా ఎక్కడైనా కంట్రోల్ రూమ్ నడక ఇలాగే ఉంటుంది. అందుకే అనుభవమున్న కంట్రోల్ రూముల్లో ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టి ‘అందరూ చూస్తున్నదాన్ని వదిలేసి మిగతావి చూడు’ అని చెప్పాలి. ఆ ఒక్క కుర్చీకి అయ్యే ఖర్చు ఏమీ లేదు, అయినా అది సాధారణంగా ఖాళీగానే ఉంటుంది.

బుడమేరు విషయంలో ఆ కుర్చీలో కూర్చున్నవారు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. మైలవరం, జి.కొండూరు వైపు గత ఆరు గంటల్లో ఎంత కురిసింది? వెలగలేరు దగ్గర మట్టం గంటకు ఎంత పెరుగుతోంది? మళ్లింపు కాలువ కలిసే చోట కృష్ణ మట్టం పెరుగుతోందా, తగ్గుతోందా? ఒక్క రోజులో 204.4 మిల్లీమీటర్లు దాటితే దాన్ని వాతావరణ శాఖ అత్యంత భారీ వర్షం అంటుంది. మొదటి ప్రశ్నకు జవాబు ఆ గీత వైపు పోతున్నట్టు ఉండి, మూడోదానికి ‘పెరుగుతోంది’ అని వస్తే, గండి పడే వరకూ ఆగకుండా సింగ్‌నగర్ కింది అంతస్తుల వారిని కదిలించే మాట మొదలు కావాలి. గండి పడుతుందా లేదా అన్నది ఎవరూ చెప్పలేరు. పడితే ఎవరు మునుగుతారో మాత్రం ముందే తెలుసు. అనుమానం ఉన్నది ఒక చోట, నిర్ణయానికి కావలసినది మరో చోట. ఈ రెండింటినీ విడదీయలేక చాలా గంటలు పోతాయి.

గుంటూరు వైపు ఇదే చిక్కు కొండవీటి వాగుకు ఉంది. కృష్ణ నిండితే వాగు నీరు నదిలోకి దిగదు. ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కులు ఎత్తిపోసే పథకాన్ని 2018లో ప్రారంభించింది అందుకే. అక్కడ అంచనాకు అదనంగా మోటార్ల సంగతి, కరెంటు సంగతి చేరతాయి. వాన వివరంతో పాటు పంపులు ఆడుతున్నాయో లేదో కూడా తెలియాలి.

ఫోనులో ఏం అడగాలి

విపత్తులో సమాచారానికి కొదవ ఉండదు, అది పనికొచ్చే రూపంలో ఉండదు. కంట్రోల్ రూమ్ పుస్తకంలో ఇలాంటి పద్దు ఒకటి ఊహించుకోవచ్చు: ‘వాంబే కాలనీ నుంచి ఫోను. నీళ్లు బాగా ఎక్కువగా ఉన్నాయి. తిండి లేదు. వెంటనే పడవ పంపాలి.’ అందులో అబద్ధం లేదు. దాని ఆధారంగా తీసుకోగల నిర్ణయమూ లేదు. అలాంటి ఫోన్లు వందల్లో వస్తాయి, అన్నిట్లోనూ అదే మాట ఉంటుంది. అదే ఫోను ఇంకో రెండు నిమిషాలు నడిస్తే పద్దు ఇలా మారుతుంది: ‘రాత్రి 9.40. మాట్లాడుతున్న మనిషి తమ ఇంటి మేడ మీద ఉన్నారు. నీళ్లు ఐదో మెట్టు దగ్గర ఉన్నాయి, చీకటి పడేటప్పుడు మూడో మెట్టు దగ్గర ఉండేవి. ఇంట్లో తొమ్మిది మంది. ఒకరికి రేపు ఉదయం డయాలసిస్ ఉంది. ఎదురింట్లో మనుషులున్నారో లేదో తెలియదు, దీపం కనబడటం లేదు. ఫోను చార్జింగ్ పావు వంతు. ఇప్పుడు ఆపేసి తెల్లవారి ఆరింటికి ఆన్ చేస్తారు.’

ఈ రెండో పద్దులో కొలబద్ద లేని చోట మెట్లు కొలబద్ద అయ్యాయి. మూడు గంటల్లో రెండు మెట్లంటే సుమారు అడుగు. ఆ వేగాన మేడకు ఎప్పుడు చేరుతుందో లెక్క వేసుకోవచ్చు. తొమ్మిది మందిలో ఎనిమిది మందికి రాత్రికి ప్రమాదం లేదని, ఒకరికి మాత్రం గడువు ఉందని తెలిసింది. ఎదురింటి గురించి తెలియదన్న మాట కూడా పద్దులోకి ఎక్కింది. తెల్లవారి ఎవరికి మళ్లీ ఫోను చేయాలో తేలింది. వాలంటీరుగా కూర్చున్న డిగ్రీ విద్యార్థికి ఒక కాగితం మీద ఐదారు ప్రశ్నలు రాసి ఇస్తే ఇలాంటి పద్దులు రాయగలరు. యాప్ అక్కర్లేదు.

పద్దు పక్కన మరో చిన్న గుర్తు ఉండాలి. అది చూసిన సంగతా, విన్న సంగతా, ఊహించిన సంగతా? ‘కట్ట తెగింది’ అన్న మాట కట్ట మీద నిలబడిన లాకుల సిబ్బంది నుంచి వస్తే ఒక బరువు, ఆరు గ్రూపులు తిరిగి వచ్చిన వాట్సాప్ వీడియో నుంచి వస్తే మరో బరువు. పాత వీడియో మరో ఊరిది కొత్త పేరుతో తిరగడం ప్రతి వరదలోనూ ఉన్నదే. ఒకే పుకారు నాలుగు నోళ్ల నుంచి వస్తే నాలుగు సాక్ష్యాలుగా లెక్కపెట్టడం అన్నిటికంటే మోసం చేసే పొరపాటు. నలుగురూ చూశారా, ఒకరు చూసి ముగ్గురు విన్నారా అని అడగడానికి అర నిమిషం పడుతుంది.

వేళ రాయడం మరీ ముఖ్యం. గంట క్రితం నిజమైనది ఇప్పుడు అబద్ధం కావచ్చు. మధ్యాహ్నం మూడింటికి ‘నడుము లోతు’ అని గోడ మ్యాపు మీద రాసిన చోటికి రాత్రి ఎనిమిదింటికి ట్రాక్టరు పంపితే అది మధ్యలో ఆగిపోతుంది. మ్యాపు మీద వేళ లేని గుర్తును చెరిపేయడమే మేలు.

మౌనంగా ఉన్న వీధులు

సాయంత్రానికి కంట్రోల్ రూమ్‌కు ఫోన్లు తగ్గితే పరిస్థితి కుదుటపడిందని సంబరపడేవారుంటారు. కరెంటు పోయిన వీధుల్లో ఫోన్లు చచ్చిపోతాయి. సెల్ టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలే వస్తాయి, జనరేటర్‌కు డీజిల్ చేర్చే దారి మునిగి ఉంటుంది. అప్పుడు ఫోన్లు వచ్చేది కాస్త మెరక మీద ఉన్న, కాస్త తెలిసినవాళ్లున్న, పవర్‌బ్యాంకు ఉన్న ఇళ్ల నుంచే. ఫోన్ల సంఖ్యను బట్టి పడవలు పంపితే కష్టం తక్కువ ఉన్నచోటికే సాయం పోతుంది. ఉదయం పన్నెండు ఫోన్లు వచ్చి మధ్యాహ్నం ఒక్కటీ రాని వీధి ఉందా అని వెతకడం మంచి పద్ధతి. అలాంటి వీధి ఉంటే మొదటి పడవ దానిది.

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర ఆ వారం కనబడిన దృశ్యం ఇంకో పాఠం. సాయం తెచ్చిన లారీలు, వ్యాన్లు, ఆటోలు అక్కడిదాకా రాగలిగాయి. ఆ తర్వాత నీళ్లు. ఫ్లైఓవర్‌కు దగ్గరున్నవారికి మళ్లీ మళ్లీ పొట్లాలు అందితే, లోపలి సందుల్లోవారు పీకల్లోతు నీళ్లలో నడిచి వచ్చి తీసుకెళ్లవలసి వచ్చింది. కాగితం మీద మాత్రం పంపిన పొట్లాల సంఖ్య ఘనంగా ఉంటుంది. పంపిన లెక్క వంటశాలకు పనికొస్తుంది, చేరిన లెక్క మనుషులకు పనికొస్తుంది. రెండో లెక్క తీయాలంటే తిరిగొచ్చే పడవ నడిపినవారిని ‘ఏ సందు చివరిదాకా వెళ్లారు, ఎక్కడ నుంచి వెనక్కి తిరిగారు’ అని అడగాలి. వారు చెప్పే ఆ వెనక్కి తిరిగిన చోట్లన్నీ మ్యాపు మీద గుర్తుపెడితే, సాయం అందని ప్రాంతపు సరిహద్దు దానంతటదే తేలుతుంది. అంతకంటే చవకైన సర్వే లేదు.

పైనుంచి చూసే కళ్లు కూడా అన్నీ చూడవు. మబ్బులను దాటి భూమిని చూడగల రాడార్ ఉపగ్రహ చిత్రాలతో హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వరద మ్యాపులు తయారు చేస్తుంది. పొలాల్లో నిలిచిన నీరు ఆ చిత్రాల్లో నల్లగా, స్పష్టంగా కనబడుతుంది. ఇళ్లు ఒత్తుగా ఉన్న వీధుల్లో రాడార్ తరంగాలు నీటికీ గోడకూ తగిలి తిరిగొస్తాయి కాబట్టి మునిగిన వీధి పొడిగా ఉన్నట్టు కనబడే ప్రమాదం ఉంది. కొల్లేటి పక్క పొలాలకు నమ్మదగిన మ్యాపు రాజరాజేశ్వరిపేట సందులకు నమ్మదగినది కాకపోవచ్చు. పైగా ఉపగ్రహం తన వేళకు వస్తుంది, వరద వేళకు రాదు. సందుల మాట డ్రోన్‌కు అప్పగించడం మంచిది. 2024లో బెజవాడలో డ్రోన్లతో తిండి పొట్లాలు చేరవేశారు. ఒక్కో డ్రోన్ మోయగలిగేది కొద్దిపాటి కిలోలు. దాని కెమెరా తెచ్చే సమాచారం మాత్రం ఒక పడవ దళం మొత్తాన్ని సరైన సందుకు మళ్లించగలదు. మోసిన పొట్లాల ఫొటోలకు వచ్చినంత పేరు ఈ పనికి రాలేదు.

పొరపాట్లలో ఏది మేలు

అరకొర సమాచారంతో నిర్ణయం తీసుకోవాలంటే భయం సహజం. ఇక్కడ ఉపయోగపడేది ఒకే ప్రశ్న. తప్పు జరిగితే ఏ వైపు తప్పు సరిదిద్దుకోగలం? ఒక లంక గ్రామాన్ని ఖాళీ చేయిస్తే, నీళ్లు రాకపోతే, జనం ఒక రాత్రి బడి వరండాలో పడుకుని పొద్దున్నే తిట్టుకుంటూ ఇళ్లకు పోతారు. ఖాళీ చేయించకపోతే, నీళ్లు వస్తే, చీకట్లో పడవలు నడపాలి. పశువులను వదిలి రారు, దొంగల భయం ఉంటుంది, నిరుడు ఇలాగే అన్నారు ఏమీ రాలేదని అంటారు. అందుకే ఉత్త హెచ్చరికలకూ ఖరీదు ఉంది, అది తర్వాతి వరదలో తెలుస్తుంది. ఆ ఖరీదు తగ్గించే ఉపాయం మాటలో ఉంది. ‘మునుగుతుంది’ అనకుండా ‘మునిగే అవకాశం ఉంది, ఈ రాత్రి పన్నెండుకు మళ్లీ చెబుతాం’ అని చెప్పి, పన్నెండుకు నిజంగానే మళ్లీ చెప్పడం. పడవలను ముందుగానే కట్ట మీదికి తరలించడం, వంటలు మొదలుపెట్టడం, గర్భిణులను ఆసుపత్రికి చేర్చడం లాంటివి అంచనా తప్పినా నష్టం లేని పనులు. వాటికి పూర్తి సమాచారం కోసం ఎదురుచూడటం దండగ. రెగ్యులేటర్ గేట్లు ఎత్తడం అలాంటిది కాదు, ఎత్తాక దిగువ వీధులకు తిరుగు లేదు. అలాంటి చోట ఎంత తొందరైనా ఆగి, దిగువకు కబురు వెళ్లిందా అని అడగవలసిందే.

ప్రకాశం బ్యారేజీ దగ్గర అదే వరదలో కొట్టుకొచ్చిన భారీ పడవలు ఢీకొని 67, 69, 70 గేట్ల వైపు కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్న సంగతి ఇందుకు మంచి ఉదాహరణ. చూసినవారికి బ్యారేజీకే ముప్పు అనిపించడం సహజం. ఇంజినీరు చూడవలసినవి వేరు. దెబ్బ తగిలింది గేటును ఎత్తడానికి దించడానికి సాయపడే బరువుకా, గేటుకా, గేటును మోసే పిల్లర్‌కా? ఆ గేటు ఇప్పుడు కదలవలసిన అవసరం ఉందా? అంత వరదలో గేట్లన్నీ ఎత్తే ఉన్నాయి కాబట్టి దించవలసిన అవసరం వెంటనే లేదు. మరమ్మతుకు కొన్ని రోజుల వ్యవధి ఉంది. వరద తగ్గుముఖం పట్టాక గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో ఆ పని చేశారు. అంతకు కొద్ది వారాల ముందే, ఆగస్టులో తుంగభద్ర డ్యాంలో 19వ గేటు కొట్టుకుపోతే స్టాప్‌లాగ్ (గేటు స్థానంలో దించే తాత్కాలిక అడ్డు) అమర్చి నీటిని నిలిపింది కూడా ఆయన బృందమే. తుంగభద్రలో ప్రతి గంటకూ నీరు పోతోంది, కాబట్టి పారుతున్న నీటిలోనే పని చేయాల్సి వచ్చింది. బ్యారేజీలో ఆగగలిగారు. రెండు చోట్లా దెబ్బతిన్నది గేటు వ్యవస్థే అయినా ఎప్పటిలోగా తేల్చాలి అన్న ప్రశ్నకు జవాబులు వేరు.

ఎవరు చూడాలి, ఎవరు తేల్చాలి అన్నదానికి కాగితం మీద స్పష్టత ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా స్థాయి ప్రాధికార సంస్థకు కలెక్టరు అధ్యక్షులు. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రణాళిక విభాగం కింద పరిస్థితిని గమనించేందుకే ఒక చిన్న జట్టు ఉండాలని ఉంది. ఆచరణలో ఆ జట్టులో ఉండవలసిన తహసీల్దారు, ఇంజినీరు టెలికాన్ఫరెన్సుల్లోనో పర్యటనల్లోనో ఉంటారు. ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేసి పర్యవేక్షించిన 2024 లాంటి సందర్భంలో నిర్ణయాలు వేగంగా జరుగుతాయి, సందేహం లేదు. అదే సమయంలో కింది ఉద్యోగి తనకు తెలియనిదాన్ని ‘తెలియదు’ అని చెప్పడం కష్టమవుతుంది. ఏదో ఒక అంకె చెప్పి బయటపడతాడు. ఆ అంకె పైకి వెళ్లే కొద్దీ గట్టిపడుతుంది. ‘తెలియదు, నాలుగింటికి చెబుతాను’ అన్న జవాబుకు మర్యాద దొరికే చోటే అంచనా నిలబడుతుంది.

మూడో రోజు నుంచి ప్రశ్న మారుతుంది

మొదటి రెండు రోజులు ‘ఎవరు ఎక్కడ చిక్కుకున్నారు’ అన్నదే ప్రశ్న. ఆ తర్వాత తాగునీరు ముందుకొస్తుంది. సహాయక చర్యలకు ప్రపంచమంతా పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం తాగడానికి, వంటకు, శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలి. లక్ష మందికి 15 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లతో అయితే 300 ట్రిప్పులు. వీధిలో నడుము లోతు నీళ్లుండగా ట్యాంకరు లోపలికి పోదు. తాగడానికి, ఆహారంతో అందే నీటికి కలిపి బతకడానికి చాలినంత రెండున్నర, మూడు లీటర్లే లెక్క పెట్టుకున్నా, లక్ష మందికి దాదాపు మూడు లక్షల లీటర్లు పడవల మీద, ప్యాకెట్లలో, సీసాల్లో పోవాలి. ఈ గుణింతం మొదటి రోజే వేసుకుంటే పడవల కొరత ఎంతో ముందే తెలుస్తుంది. చంటిపిల్లల పాలు, షుగరు, బీపీ మందులు, ఇన్సులిన్, బాలింతల లెక్క ఈ దశలోదే. ఆశా కార్యకర్త దగ్గర, వార్డు సచివాలయం దగ్గర ఈ పేర్లు ఉంటాయి. వరదలో కొత్తగా సేకరించాల్సిన పని లేదు, ఉన్న జాబితాను నీళ్లలో తడవని చోట పెట్టుకోవాలి.

నీళ్లు నిలిచే కొద్దీ ఆసుపత్రికి వచ్చే రోగుల తీరే మరో కొలత. విరేచనాలు, జ్వరాలు, పాముకాట్లు ఏ వీధి నుంచి వస్తున్నాయో రాసుకుంటే పైపులైన్లో మురుగు కలిసిన చోటు దొరుకుతుంది. నీళ్లలో నడిచినవారికి వారం, పది రోజుల తర్వాత జ్వరం వస్తే ఎలుకల మూత్రం వల్ల వ్యాపించే లెప్టోస్పైరోసిస్‌ను అనుమానించాలి. అప్పటికి వరద వార్తల నుంచి పోయి ఉంటుంది.

సింగ్‌నగర్ ప్రాంతం పళ్లెంలా ఉంటుంది. నీళ్లు రావడం ఎంత సులువో పోవడం అంత కష్టం. సైన్యం సాయంతో బుడమేరు మళ్లింపు కాలువ మూడో గండిని సెప్టెంబరు 7న పూడ్చాక కొత్త నీరు రావడం ఆగింది. ఉన్న నీరు ఎప్పుడు పోతుందన్న ప్రశ్న మిగిలింది. జనానికి కావలసింది ఆ జవాబే. పునరావాస కేంద్రంలో ఇంకెన్ని రాత్రులు ఉండాలో, కూలికి ఎప్పుడు వెళ్లవచ్చో, పిల్లల్ని బడికి ఎప్పుడు పంపాలో దాన్ని బట్టి తేల్చుకుంటారు. ఆ జవాబు సింగ్‌నగర్‌లో నిలబడి లోతు కొలిస్తే దొరకదు. బుడమేరు ఏలూరు కాలువ కింద నుంచి దూరిపోయే ఎనికేపాడు యూటీ (అండర్ టన్నెల్) దగ్గర ప్రవాహం చూడాలి, తూడు, చెత్త అడ్డుపడిందేమో చూడాలి. ఆ తర్వాత కొల్లేటి మట్టం చూడాలి, అది నిండుగా ఉంటే బుడమేరు దిగదు. కొల్లేటి నీరు సముద్రానికి పోయే ఉప్పుటేరు ఎంత వేగంగా లాగుతోందో చూడాలి. సింగ్‌నగర్ ఇంటాయన ఇంటికి వెళ్లే తేదీని ఎన్నో కిలోమీటర్ల అవతల ఉప్పుటేరు దగ్గరి మట్టమూ నిర్ణయిస్తుంది. అక్కడ ఉదయం, సాయంత్రం రెండు పూటలా మట్టం చూసి ఫోను చేసే ఒక లస్కరును (కాలువలు చూసుకునే సిబ్బందిని) పెట్టుకుంటే, పునరావాస కేంద్రం గోడ మీద ఒక తేదీ రాయవచ్చు, అది మారితే కొట్టేసి పక్కన కొత్తది రాయవచ్చు.